గట్టు లేని కంప్యూటరు

ఆ ఉదయం కాశీవిశ్వనాథరాజుగారి ఆలోచన చాలా చిన్నది. మధ్యాహ్నానికి పొక్లెయిన్ వస్తుంది. ఎల్లుండి పొద్దుగూకేలోగా రొయ్యల చెరువు మధ్యన గట్టు లేస్తుంది. ఆ తరవాత తమ్ముడు శ్రీనివాసరాజు అన్నవరం నుంచి తిరిగొస్తాడు, గట్టు చూస్తాడు, "మీ ఇష్టం అన్నయ్యగారూ" అంటాడు. అంతటితో అయిపోతుంది.

అంత చిన్న ఆలోచన ఉన్న మనిషి కుదురుగా కూర్చోవాలి. రాజుగారు మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీంచి వీధిలోకీ, వీధిలోంచి అరుగు మీదికీ తిరుగుతున్నారు. కాఫీ చల్లారింది. భార్య సుభద్రమ్మగారు వెచ్చబెట్టి ఇచ్చారు. అదీ చల్లారింది. మూడోసారి ఆవిడ గ్లాసు పుచ్చుకుని లోపలికి వెళ్ళి, తనే తాగేశారు.

భీమవరానికి దిగువన ఉన్న ఆ చెరువు అన్నదమ్ములిద్దరిదీ. తండ్రి వరిచేను పంచకుండానే పోయారు. దాన్ని తవ్వించి ఒకే చెరువు చేశారు. నీళ్ళు వచ్చే తూము ఒకటే. మధ్యన వల కట్టి చెరో సగంలో చెరొకరూ రొయ్యపిల్ల వేసుకునేవారు. కిందటి పంటలో తమ్ముడి వైపు రొయ్యకి తెల్లమచ్చ జబ్బు వచ్చింది. వలలోంచి రొయ్య దాటలేదు కాని నీళ్ళు దాటాయి, నీళ్ళతోపాటు జబ్బూ దాటింది. ఇద్దరి పంటా పోయింది.

మధ్యన గట్టు వెయ్యాలని రాజుగారికి ఆ రోజే తెలుసు. ఆ మాట తమ్ముడితో ఎలా అనాలన్నదే తెలియలేదు. మీ చెరువులోంచి నాకు జబ్బు వచ్చిందని తోడబుట్టినవాడితో ఎవరంటారు. పైగా ఆయనకి అడగడం అలవాటు లేదు. ఇంటికి పెద్ద, నిర్ణయం చేసి కబురు చేస్తారు. తమ్ముడు "మీ ఇష్టం అన్నయ్యగారూ" అంటాడు. అని, తనకి తోచింది చేస్తాడు. బోరు తూర్పున వెయ్యమంటే పడమట వేశాడు. కూతురు గీతికని భీమవరంలో చదివించమంటే రాజమండ్రి కాలేజీలో చేర్చాడు. రెండింటికీ ముందు "మీ ఇష్టం" అన్నాడు. ఈమధ్య అన్నదమ్ములు కలిస్తే వాన సంగతే మాట్లాడుకుంటున్నారు. వాన ఇద్దరి ఇష్టమూ కాదు కాబట్టి తగువు రాదు.

మళ్ళీ పిల్ల వేసే అదను వచ్చేసింది. ఈసారి కూడా గట్టు లేకుండా వేస్తే పంట మీద ఆశ లేదు. గట్టు సంగతి నోరు తెరిచి ఎత్తితే తమ్ముడి మీద ఆశ లేదు. అందుకని తమ్ముడు ఊళ్ళో లేని రోజులు చూసి పని పెట్టుకున్నారు. గట్టు ప్లాను కంప్యూటర్లో గీయించారు. గీసింది శ్రీకాంత్. సుభద్రమ్మగారి అన్న కొడుకు. భీమవరంలో కంప్యూటర్ కోర్సు చేసి, మేనత్తగారింట్లోనే ఉండి, మావయ్యగారి ఉత్తర ప్రత్యుత్తరాలు చూస్తుంటాడు.

కంప్యూటరు ఇంటికొచ్చిన రోజున శ్రీకాంత్ దాన్ని గదులు గదులుగా అమర్చాడు. ఎవరి పేరుతో వారు లోపలికి వెళ్ళాలి. ఎవరి కాగితాలు వారికే కనిపిస్తాయి. ఇల్లంతటికీ పెద్ద తాళంలాంటి పాస్‌వర్డ్ ఒకటుంటుంది, కొత్తగా ఏదైనా ఎక్కించాలంటేనే అది తియ్యాలి. మిగతా వేళల్లో యజమాని కూడా మామూలు మనిషిలాగే కూర్చోవాలి.

"ఇల్లు నాది, కరెంటు బిల్లు నాది. నేను మామూలు మనిషినేంటి?" అన్నారు రాజుగారు.

"మీ మంచికేనండి మావయ్యగారూ. ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండు రకాలుగా కడతారండి. ఒక రకంలో ఎవరు కూర్చుంటే వాళ్ళే యజమాని. బయటి నుంచి ఏదైనా వైరస్ వస్తే కూర్చున్న మనిషికున్న పెత్తనమంతా దానికీ వచ్చేస్తుంది. రెండో రకంలో, వచ్చింది వచ్చిన గదిలోనే ఉండిపోవాలి. గడప దాటనివ్వదు."

"వచ్చినవాణ్ణి అరుగు మీదే ఆపేసే ఇల్లు మన వాళ్ళలో ఎక్కడన్నా చూశావా?"

శ్రీకాంత్ చూడలేదు. పెద్ద తాళం మావయ్యగారికి చెప్పేశాడు. ఆ తరవాత ఆ తాళం ఊళ్ళో తెలియనివారు లేరు. ఎవరు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నా రాజుగారు యజమానిగానే కూర్చోబెట్టేవారు. ఒకరిని తక్కువ చేసి కూర్చోబెట్టారన్న మాట రాకూడదు. మేత వ్యాపారం చేసే చంద్రరావు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పేకాట సీడీ తెచ్చి ఎక్కించి వెళ్ళేవాడు. ఎక్కించమంటారా, వద్దా అని కంప్యూటర్ అడిగేది. రాజుగారు సరే అని నొక్కేవారు. అడిగినవారికి లేదనడం ఆయన ఇంటా వంటా లేదు.

గట్టు ప్లాను గీస్తూ శ్రీకాంత్ ఉండబట్టలేక మళ్ళీ అన్నాడు. "చెరువుకి వేద్దామంటున్న గట్టే దీనికీ వెయ్యాలండి."

"రొయ్యలకి మర్యాద అక్కర్లేదు," అన్నారు రాజుగారు.

ఆ ఉదయం శ్రీకాంత్ పొక్లెయిన్‌కి దారి చూపడానికి రోడ్డు మీదికి వెళ్ళాడు. కాలు నిలవని రాజుగారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఫోన్ తీగ మీద కీచుమంటూ నెట్ కలిసింది. పల్లంరాజు దగ్గర్నించి మెయిల్ వచ్చి ఉంది. పల్లంరాజుకి ఉప్పాడ తీరంలో రొయ్యపిల్లల హేచరీ ఉంది. వేట పడవల మీద పెరిగి ఇంతవాడైన మనిషి. సోమవారం రాజుగారి చెరువుకి పిల్ల లారీ పంపాల్సింది ఆయనే. మెయిల్లో ఇంగ్లీషులో రెండే ముక్కలున్నాయి. ఎలా ఉన్నారు, ఈ ఫైలు చూసి మీ సలహా చెప్పండి అని.

రాజుగారికి ముచ్చటేసింది. అంత పల్లంరాజు తనని సలహా అడిగాడు. ఫైలు మీద నొక్కారు. ఇందులో ప్రమాదకరమైనది ఉండొచ్చు, తెరవమంటారా అని కంప్యూటర్ అడిగింది. "పల్లంరాజులో ప్రమాదమేంటి," అని పైకే అని, సరే నొక్కారు. ఆ రకం ఫైలు చూపించే సరంజామా ఆ కంప్యూటర్లో లేదు, ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కారు. గడపలో నిలబడ్డ మనిషిని ఒక్కసారి రమ్మని ఊరుకోరు కదా. ఇంకోసారి కూడా నొక్కారు. తెర మీద ఏమీ లేదు కాని, కింద పెట్టె మాత్రం గరగరమంటూ ఏదో పని చేసుకుపోతోంది.

ఫైలు కనపడకపోయినా, సలహా అడిగిన మనిషికి బదులివ్వకపోతే బాగుండదు. రాజుగారు కాసేపు ఆలోచించి, ఎవరికైనా ఎప్పుడైనా సరిపోయే సలహా ఒకటి టైపు చేశారు. తొందరపడకండి, కొన్నాళ్ళు ఆగండి. అది పంపి, నెట్ ఆపడం మరిచిపోయి స్నానానికి వెళ్ళారు. రెండువేల ఒకటో సంవత్సరం అది. నెట్ నడిచినంతసేపూ ఇంటి ఫోన్ పలకదు. ఆ సంగతి తరవాత చాలామంది చెప్పారు.

మొదట చెప్పింది చంద్రరావు. రాజుగారు తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి అరుగు మీద ఉన్నాడు. ఫోన్ ఎంత చేసినా ఎంగేజే వస్తోందనీ, అయినా ఇది ఫోన్లో తేలే సంగతి కాదనీ, అందుకే షాపు కుర్రాడికి అప్పజెప్పి వచ్చాననీ చెప్పి, జేబులోంచి మడత కాగితం తీసి విప్పాడు.

కాగితం మీద గట్టు ప్లాను ఉంది.

"ఇంత పెద్ద విషయానికి నా సలహా అడిగారు చూడండి, మా ఆవిడ కూడా చాలా సంతోషించిందండి," అన్నాడు చంద్రరావు.

రాజుగారు కాగితం వంకా, చంద్రరావు వంకా చూశారు. నేను అడగలేదు అన్న మాట గొంతు దాకా వచ్చింది. పని మానుకుని ఇంటికొచ్చిన మనిషితో ఆ మాట ఎలా అంటారు. "కూర్చోండి," అన్నారు. చంద్రరావు కూర్చుని, గట్టు ఉత్తరానికి జరిపితే గాని లాభం లేదని చెప్పడం మొదలుపెట్టాడు.

అది ముగియకముందే మందుల ఏజెంటు ఒకాయన మోటార్‌సైకిల్ దిగాడు. ఆయన వెనకే చేపల శాఖలో చేసి రిటైరైన యెహెజ్కేలుగారు గొడుగు మూసుకుంటూ వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ అదే కాగితం. ఒకరు గట్టు ఏటవాలు చాలదన్నారు. ఇంకొకరు అసలు గట్టే వద్దు, వల మార్చండి చాలు అన్నారు. ఆ తరవాత వచ్చినవారికి అరుగు చాలక సుభద్రమ్మగారు హాల్లో చాపలు వేయించారు. ఆ ఇంటికి భోజనాల వేళ వచ్చిన మనిషి ఖాళీ కడుపుతో వెళ్ళిన దాఖలా లేదు. సలహాకి వచ్చినవారు భోజనాల వేళకి ముందు లేచే దాఖలా ఎక్కడా లేదు. సుభద్రమ్మగారు తలుపు చాటుకి భర్తని పిలిచారు.

"ఊరందరినీ సలహా అడిగేముందు నాకో మాట చెప్తే నాలుగు కోళ్ళు ఎక్కువ తెప్పించేదాన్ని కదండీ."

"నేనడగలేదు," అన్నారు రాజుగారు, గొంతు తగ్గించి.

"వాళ్ళ చేతుల్లో కాగితాలున్నాయండి," అని ఆవిడ బియ్యం కొలవడానికి వెళ్ళిపోయారు.

అన్నిటికంటె కష్టం కాగితం లేకుండా వచ్చిన మనిషితో వచ్చింది. తాతాజీగారు రాజుగారికి పినతండ్రి వరస. పక్క చెరువు ఆయనది. ఇంట్లో కంప్యూటర్ లేదు, రానివ్వనన్నారు కూడా. చంద్రరావు వస్తూ వస్తూ టీ కొట్టు దగ్గర ఆగి, రాజుగారు అందరినీ సలహా అడుగుతున్నారని చెప్పాడు. తాతాజీగారు కర్ర తీసుకుని బయల్దేరారు. వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు, అరుగు ఎక్కలేదు.

"మేత అమ్మేవారిని అడిగారు, మందులమ్మేవారిని అడిగారు. మంచిదండి. మేం కూడా ఇంకా ఉన్నామండి," అన్నారు.

రాజుగారు మెట్లు దిగి వెళ్ళి చెయ్యి పట్టుకున్నారు. మీ దగ్గరికి నేనే స్వయంగా రావాలని ఆగానన్నారు. ఆ ఉదయం నుంచి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. తాతాజీగారు అరుగెక్కి, కాగితం తెప్పించుకుని, అద్దాలు పెట్టుకుని, గట్టు దక్షిణానికి జరగాలని తేల్చారు. ఉత్తరమన్న చంద్రరావు ముఖం చిన్నబోయింది.

అప్పుడు వీధి మలుపులో పొక్లెయిన్ చప్పుడైంది. ముందు శ్రీకాంత్ సైకిల్ మీద, వెనక సందు నిండా యంత్రం. ఇంటి ముందుకి వచ్చేసరికి అరుగు మీది పెద్దలంతా లేచి ఎదురెళ్ళారు. చంద్రరావు ఉత్తరం చూపించాడు, తాతాజీగారు కర్రతో దక్షిణం చూపించారు, యెహెజ్కేలుగారు గొడుగుతో వచ్చిన దారే చూపించారు. డ్రైవర్ వీరబాబు మూడు వైపులా చూసి ఇంజను ఆపేశాడు. సుభద్రమ్మగారు అతనికీ విస్తరి వేయించారు. యంత్రం సందుకి అడ్డంగా ఉండిపోయింది.

శ్రీకాంత్ చాపల మీది జనాన్నీ, వారి చేతుల్లో తను గీసిన ప్లానునీ చూసి, ఎవరితోనూ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మావయ్యగారిని పెరటి వసారాలోకి తీసుకెళ్ళాడు.

"పల్లంరాజుగారు మిమ్మల్ని సలహా అడగలేదండి. అది వైరస్. ఆయన కంప్యూటర్లోంచి ఆయన పేరు పెట్టుకుని మన ఇంటికొచ్చింది. మీరు పెద్ద తాళం తీసిపెట్టుకునే కూర్చున్నారు కదండీ, దానికీ ఆ పెత్తనమే దక్కింది. నా గదిలోకి దూరి, ప్లాను తీసి, మన దగ్గర అడ్రసులున్న వాళ్ళందరికీ మీ పేరు మీద పంపేసింది. మీరు మీ గదిలోనే కూర్చునుంటే నా గది దానికి కనపడేది కాదండి."

"ఏమని పంపింది?"

"చూసి మీ సలహా చెప్పండి అని."

రాజుగారు వసారా ఈ కొస నుంచి ఆ కొసకి నడిచారు. మళ్ళీ వచ్చారు.

"ఇప్పుడు నేను వెళ్ళి, మిమ్మల్ని అడిగింది నేను కాదు, ఏదో వైరస్సు అని చెప్పమంటావా? తాతాజీగారు విస్తరి ముందు నుంచి లేచిపోతారు."

శ్రీకాంత్ చెప్పాల్సింది ఇంకా ఉన్నవాడిలా నిలబడ్డాడు.

"ఎవరెవరికి వెళ్ళింది?"

"చాలామందికండి. గీతికకి కూడా వెళ్ళింది."

అన్నవరం నుంచి వస్తూ కూతుర్ని చూడటానికి తమ్ముడు ఇవాళ రాజమండ్రిలో ఆగి, రెండు రోజులు ఉంటాడని రాజుగారికి తెలుసు. చంద్రరావు వచ్చినప్పట్నించీ నిలబడే ఉన్న మనిషి అక్కడున్న రోలు మీద కూర్చున్నారు.

నెట్ ఆపగానే ఫోన్ మోగింది. పల్లంరాజు. మీరు ఆగమన్నారని సోమవారం లారీ ఆపేశాననీ, పిల్ల వేరేవారికి ఇచ్చేశాననీ, మళ్ళీ మీరెప్పుడు సరేనంటే అప్పుడే పంపుతాననీ, ఇంత ముందుచూపుతో చెప్పినందుకు సంతోషమనీ అన్నాడు. రాజుగారు ఫోన్ పట్టుకుని, "మంచి పని చేశారు," అన్నారు.

గట్టు లేదు. పిల్ల లేదు. ఇక తమ్ముడు ఉండేది లేనిదీ తేలాలి. కనీసం ఆ పొక్లెయిన్‌ని కనపడకుండా పంపించేద్దామని రాజుగారు వాకిట్లోకి వెళ్ళారు. వీరబాబు పప్పు ముగించి కోడికూరలోకి వచ్చాడు. తింటున్న మనిషిని లేపడం కుదరదు. రాజుగారు అతని ఎదురుగా నిలబడి ఒక్కో ముద్దా చూశారు. వీరబాబు నిదానంగా తినే మనిషి. చారు దగ్గరికి వచ్చేసరికి, సందు మొదట్లో కారు హారన్ వినిపించింది. పొక్లెయిన్ వెనక కారు ఆగింది. శ్రీనివాసరాజు దిగి, యంత్రం పక్కనించి నడిచి వచ్చాడు. చేతిలో అదే కాగితం.

హాల్లో తాతాజీగారి చెయ్యి పెరుగన్నంలో ఆగింది. పొక్లెయిన్ ఇంటి ముందే ఉంది, దాచడానికి ఏమీ మిగల్లేదు.

"గీతిక ఇచ్చిందండి. మీరు పంపారంట," అన్నాడు శ్రీనివాసరాజు.

రాజుగారు తల ఊపారు.

"నన్ను సలహా అడిగారంట."

రాజుగారి వెనక శ్రీకాంత్ నోరు తెరిచాడు. "అసలు అదీ..."

"శ్రీకాంత్, పెరుగు పట్రా నాన్నా," అన్నారు సుభద్రమ్మగారు.

శ్రీకాంత్ పెరుగు కోసం వెళ్ళాడు. రాజుగారు ఉత్తరీయం సర్దుకున్నారు. "అడిగాను," అన్నారు. "మిమ్మల్ని అడక్కుండా గట్టెలా వేస్తానండి?"

శ్రీనివాసరాజు హాల్లోకి నడిచి చాప మీద కూర్చున్నాడు. కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో చదును చేశాడు. అది అప్పటికే చదునుగా ఉంది.

"బోరు వేసేటప్పుడు మీరు నన్నడగలేదండి. గీతిక చదువూ అడగలేదు. అడగట్లేదు కదా అని అన్నిటికీ ఎదురే చేసుకొచ్చాను. ఇప్పుడిది చూశాక ఎదురు ఎలా చెయ్యాలో తెలియలేదు. దారంతా ఈ కాగితమే చూసుకుంటూ వచ్చాను. గట్టు మీరు గీసిన చోటే ఉండాలండి, ఉత్తరమూ వద్దు దక్షిణమూ వద్దు. కాని తూము ఒకటే ఉంటే గట్టు వేసీ లాభం లేదు. నీళ్ళు కలిస్తే జబ్బూ కలుస్తుంది. నా వైపున జాగా ఇస్తాను, రెండో తూము పెడదాం." కాగితం మడత పెట్టాడు. "జబ్బు నా వైపు నుంచే వచ్చిందని నాకూ తెలుసండి. నా నోటితో అనలేక గట్టు మాట ఎత్తలేదు."

ఇన్నాళ్ళూ ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నది ఒకే గట్టు మాట దాటెయ్యడానికని అక్కడున్నవారికి తెలిసింది. తాతాజీగారు అన్నం కలపడం మళ్ళీ మొదలుపెట్టి, తను మొదటి నుంచీ అన్నది అదేనన్నారు.

"తూము కట్టి ఆరడానికి వ్యవధి కావాలండి," అన్నాడు శ్రీనివాసరాజు. "సోమవారం పిల్ల వచ్చేస్తుందంటున్నారు. దాన్ని కొన్నాళ్ళు ఆపగలమా?"

"పొద్దున్నే ఆపేయించాను," అన్నారు రాజుగారు.

హాల్లో అందరూ ఆయన వంక గౌరవంగా చూశారు. రాజుగారు మాత్రం కంప్యూటర్ ఉన్న గది వంక చూశారు.

సాయంత్రం అంతా వెళ్ళిపోతుంటే చంద్రరావుకి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మనీ, చాలామంది వచ్చి కూర్చున్నారనీ, మీరు సలహా అడిగారంటున్నారనీ భార్య చెప్పింది. తను ఎవర్నీ అడగలేదే అనుకుంటూ చంద్రరావు స్కూటర్ ఎక్కాడు. చికెన్ ఎక్కువే తెప్పించుకోమని సుభద్రమ్మగారు వెనకనించి చెప్పారు.

తూమూ గట్టూ లేచాక శ్రీకాంత్ కంప్యూటర్ని పూర్తిగా తుడిచి మళ్ళీ గదులు కట్టాడు. అప్పటిదాకా దాన్ని ముట్టుకోనివ్వలేదు రాజుగారు. ఆ వైరస్ని తీసేటప్పుడు పక్కనే నిలబడ్డారు, ఇంటి నుంచి చుట్టాన్ని సాగనంపుతున్నట్టు. ఆ ఇంట్లో తమ్ముణ్ణి సలహా అడిగింది అదొక్కటే మరి.

పెద్ద తాళం ఎవరి దగ్గర ఉంచాలని శ్రీకాంత్ అడిగాడు. మీ దగ్గరుంటే ఎవరడిగినా సరేనంటారు అని కూడా, కాస్త భయపడుతూనే, అన్నాడు. రాజుగారు ఆలోచించారు. సుభద్రమ్మ కూడా వచ్చినవారికి లేదనే మనిషి కాదు.

"తమ్ముడి దగ్గర ఉండనీ," అన్నారు. "ఆయనకైతే వద్దనడం వచ్చు."

కొన్నాళ్ళకి చంద్రరావు కొత్త పేకాట సీడీ ఒకటి తెచ్చాడు. రాజుగారు దాన్ని పెట్టి, అలవాటుగా సరే నొక్కారు. మీకు ఆ అధికారం లేదు, యజమానిని అడగండి అంది కంప్యూటర్. చంద్రరావు ముందు ఆ మాట అంటుందని ఆయన అనుకోలేదు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగారు. చివరికి చెప్పులేసుకుని, కొత్త గట్టు మీద నడిచి, అవతలి వైపు నీళ్ళు చిలికే ఏరియేటర్లు బాగుచేయిస్తున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళి అడిగారు. ఈసారి వైరస్ కాదు, ఆయనే అడిగారు.

శ్రీనివాసరాజు చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"మీ ఇష్టం అన్నయ్యగారూ," అన్నాడు. పాస్‌వర్డ్ మాత్రం చెప్పలేదు.